మూడుసార్లు దిగిన చెయ్యి

1976 ఏప్రిల్ 5, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సు కదిలింది. నా దగ్గర ఒక సంచి, మరచెంబు, గొడుగు ఉన్నాయి. ఫ్రాన్సిస్ ఒళ్లో ఒక చెక్కపెట్టె ఉంది. అందులో సినిమా వేసే యంత్రం, నాలుగు నిమిషాల బొమ్మల రీలు ఉన్నాయి. ఆ రీలు కోసమే ఈ ప్రయాణం.

ఏటా ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. చెరువుల్లో అడుగున మిగిలిన నీళ్లే తాగాలి. అప్పుడు వాంతులూ విరేచనాలూ మొదలవుతాయి. పెద్దవాళ్లు తట్టుకుంటారు, పాలుతాగే పిల్లలు తట్టుకోలేరు. ఒంట్లో నీరంతా పోయి రెండు మూడు రోజుల్లో వాడిపోతారు. చెంబెడు కాచి చల్లార్చిన నీళ్లలో మూడువేళ్లతో పట్టిన చిటికెడు ఉప్పు, గుప్పెడు పంచదార కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తే చాలామంది నిలుస్తారు. ఈ సంగతి ఊళ్లకు చేరవేయాలని మా మహిళా సంఘం అనుకుంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని కాబట్టి మాటలు నన్ను రాయమన్నారు. బొమ్మలు ఫ్రాన్సిస్ గీశాడు.

ఫ్రాన్సిస్‌ది విజయవాడలో మా పటమటే. ముప్పై నాలుగేళ్లు. సినిమా హాళ్లలో ఇంటర్వెల్‌లో వేసే సబ్బుల ప్రకటనలకు, బట్టల కొట్ల ప్రకటనలకు స్లైడులు గీస్తాడు. మద్రాసులో రెండేళ్లుండి బొమ్మల్ని కదిలించే పని నేర్చుకున్నాడు. ఒకదానికంటే ఒకటి కాస్త తేడాగా బొమ్మలు గీసి, వరసగా ఫొటోలు తీసి, వేగంగా తిప్పితే బొమ్మ కదులుతుంది. నాలుగు నిమిషాలకు మూడువేల బొమ్మలదాకా కావాలి. అతను గీసింది తొమ్మిది వందలు. తక్కినచోట్ల గీసినవాటినే మళ్లీ మొదటినుంచి వాడుకున్నాడు. ఆ వృత్తిలో అందరూ చేసేది అదే. "రెండడుగులు గీస్తే మనిషిని మైలు నడిపించొచ్చు టీచర్ గారూ" అనేవాడు.

కాలవలు కట్టేసేలోపు నాలుగైదు చోట్ల వేసి, చూసినవాళ్లకు ఏం గుర్తుంటుందో కనుక్కోవాలి. సరిగ్గా గుర్తుంటే జిల్లా అంతా తిప్పుతారు. గుర్తుండకపోతే ఈ ఎండాకాలానికి ఇక ఇంకో దారి లేదు.

ఉయ్యూరు

కండక్టరు పెట్టెను వేలితో కొట్టి చూసి హార్మోనీ పెట్టా అనడిగాడు.

"కాదండీ, సినిమా" అన్నాడు ఫ్రాన్సిస్.

"హీరోయిన్ ఎవరు?"

"చెంబండీ."

"అయితే చెంబుకి లగేజీ టిక్కెట్టు కొట్టాల్సిందే" అని నిజంగానే కొట్టాడు. రూపాయి. నేను రసీదు అడిగి తీసుకున్నాను.

ఉయ్యూరులో బస్సు పావుగంట ఆగింది. పంచదార ఫ్యాక్టరీ నుంచి మడ్డి వాసన గాలి నిండా ఉంది. అలవాటు లేనివాళ్లకు కడుపులో తిప్పుతుంది, ఊరివాళ్లకు అసలు తెలియనే తెలియదట. టీ ఇరవై అయిదు పైసలు, విజయవాడ ధరే, గ్లాసు మాత్రం చిన్నది. మినపట్టు బాగుంది. ఫ్రాన్సిస్ మూడు తిన్నాడు. ఈస్టరు ముందు ఉపవాసాల శ్రమల దినాలు కదా అని గుర్తు చేస్తే, మినుములకు ఆ పట్టింపు లేదన్నాడు.

కాలవగట్టు ఊరు

చల్లపల్లి దాటాక కాలవగట్టున ఒక ఊళ్లో దిగాం. ఆ ఊరి పేరు రాయను. ఇక్కడ చెప్పబోయే మనిషి ఇంకా అక్కడే ఉంటోంది.

మా పటమటలో పంపు తిప్పితే నీళ్లొస్తాయి, రాకపోతే మునిసిపాలిటీని తిడతాం. ఇక్కడ ఆడవాళ్లు తెల్లవారకముందే కాలవలో ముంచుకొచ్చి, పాతచీర నాలుగు మడతలు వేసి వడగట్టి, కుండ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీస్తారు. గంటలో బురద అడుక్కి చేరి నీళ్లు తేటగా అవుతాయి. చూడటానికి మా పంపునీళ్ల కంటే శుభ్రంగా ఉంటాయి. కంటికి కనపడని మురికి మాత్రం అలాగే ఉంటుంది.

బడి గదిలో కిటికీలకు తాటాకు చాపలు కట్టి చీకటి చేశారు. నలభై మంది ఆడవాళ్లు వచ్చారు. మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండ, గాలి ఆడదు. అయినా ఎవరూ లేవలేదు. తెరమీద చెంబు, నీళ్లు, ఒక చెయ్యి. చెయ్యి ఉప్పు వేసింది, పంచదార వేసింది, గరిటెతో కలిపింది. మధ్యలో ఒక పిల్లి వచ్చి చెంబు వాసన చూసి తుమ్మింది. పిల్లలు పడీపడీ నవ్వారు.

ముందు వరసలో ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకతె చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని చూసింది. పేరు నాగమణి. పిల్లకు పదినెలలు, ధనలక్ష్మి. సినిమా అయ్యాక అందరూ వెళ్లినా ఆమె కదల్లేదు. పోయిన ఎండాకాలం ఆమె మొదటి బిడ్డ విరేచనాలతోనే పోయాడని పక్కామె చెప్పింది. నీళ్లు తాగిస్తే ఇంకా పోతాయని ఆ ఊళ్లో నమ్మకం. వాడు నాలుక చాపి అడుగుతున్నా అత్తగారు చుక్క ఇవ్వనివ్వలేదట. ఆ అత్తగారు సీతారావమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఇదంతా వింటోంది.

"మా కాలంలో ఈ బొమ్మలున్నాయా? పిల్లల్ని పెంచలేదా?" అంది.

నాగమణి ఇంకోసారి వేస్తారా అని ఫ్రాన్సిస్‌ను అడిగింది. అతను వేశాడు. ఏమేం వేయాలో చెప్పమన్నాను. చెంబెడు కాచిన నీళ్లు, మూడువేళ్లతో ఉప్పు, గుప్పెడు పంచదార అని తడుముకోకుండా చెప్పింది.

"మర్చిపోవు కదా?"

"మర్చిపోనండీ. కళ్లు మూసుకున్నా ఆ చెయ్యే కనపడతంది."

ఆ మాటకు ఫ్రాన్సిస్ చాలా సంతోషించాడు. నేనూ సంతోషించాను. బళ్లో గంట కొట్టేలోపు అడిగితే ఏ పిల్లయినా జవాబు చెబుతుంది, నాలుగు రోజులాగి అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. అందుకని శుక్రవారం మళ్లీ వచ్చి అడుగుతానని చెప్పి బయల్దేరాం.

అవనిగడ్డ

పులిగడ్డ దగ్గర ఏటిమీదుగా కాలవ వెళుతుంది. కింద ఇసక మేటలు, పైన పారే నీళ్లు. మొదటిసారి చూసేవాళ్లకు నమ్మకం కుదరదు. ఇంకో పదిరోజుల్లో పైనా నీళ్లుండవని పక్క సీటాయన అన్నాడు.

అవనిగడ్డలో మంగళవారం రెండుసార్లు వేశాం. సాయంత్రం వీధిలో కనిపించిన ఆడవాళ్లను ఏం చూశారని అడిగితే మొదట అందరూ పిల్లి అన్నారు. ఒకామె తుమ్మి కూడా చూపించింది. చెంబు రెండో మాట, ఉప్పు మూడో మాట.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనూ ఫ్రాన్సిస్ పోట్లాడుకున్నాం. పిల్లిని తీసెయ్యాలని నేను, పిల్లి లేకపోతే ఎవరూ చూడరని అతను.

"నేర్పేచోట నవ్వించేది పక్కనుంటే నవ్వే మిగులుద్ది" అన్నాను.

"మీ క్లాసులో ఎవరూ నవ్వేవాళ్లు కాదని మా అక్కయ్య చెప్పిందిలెండి" అన్నాడు. వాళ్లక్కయ్య నా దగ్గర చదువుకుంది. సైన్సులో నలభై రెండు మార్కులు.

మా ఇద్దరి దృష్టీ పిల్లిమీదే ఉంది. ఎంత వేయాలని అడిగితే అందరూ మూడువేళ్లతో ఉప్పు, గుప్పెడు పంచదార అనే అన్నారు. మాట సరిగ్గానే ఉంది. కలిపి చూపించమని మాకు తోచలేదు.

బందరు

బుధవారం బందరు చేరాం. విజయవాడ వాళ్లకంటే బందరు వాళ్లు నెమ్మదిగా మాట్లాడతారు, బేరం కూడా నెమ్మదిగానే ఆడతారు, దిగరు. కోటేశ్వరమ్మ అనే ఆవిడ మెస్సులో బస. భోజనం రెండు రూపాయలు. చేపల పులుసు వద్దంటే ఏం పాపం చేశానండీ అని బాధపడింది. ఈస్టరు దాకా తిననంటే ఆ బాకీకింద లడ్డూలు తెచ్చి పెట్టింది. బందరు లడ్డూ గురించి విన్నదంతా నిజమే. రెండు తిన్నాను. అరవై ఎనిమిదేళ్ల వయసులో ఒకటి చాలు.

ఆ సాయంత్రం వేసిన మా సినిమా ఆమె కూడా చూసింది. మెస్సు కట్టేసి మరీ వచ్చి వెనక నిలబడి చూసింది.

గురువారం తెల్లవారుజామున నాకు విరేచనాలు పట్టుకున్నాయి. లడ్డూయో, ఎండో, నీళ్లో తెలియదు. ఎనిమిదింటికి లేవలేకపోయాను. డాక్టరును పిలుస్తానని ఫ్రాన్సిస్ కంగారుపడుతుంటే, కోటేశ్వరమ్మ అతన్ని పక్కకు జరగమంది. మీ మందు మీకే ఇస్తానుండండి అంటూ లోపలికి వెళ్లి, చెంబుతో వచ్చి గ్లాసులో పోసి ఇచ్చింది.

ఒక గుక్క తాగి ఆగిపోయాను. ఉప్పు. కన్నీళ్లకంటే ఉప్పగా ఉంది.

"ఎంత వేశావమ్మా?"

"మీ బొమ్మలో ఎంతేశారో అంతేనండీ. మూడు చిటికెలు."

"మూడు కాదు. మూడు వేళ్లతో ఒక చిటికెడు."

ఆవిడ నావైపు జాలిగా చూసింది. జ్వరంలో మాట్లాడుతున్నాననుకుంది.

"మాట వేళ్లనే అన్నారండీ. చెయ్యి మూడుసార్లు దిగింది. నేను చూళ్లేదా?"

చేసి చూపించమన్నాను. ఆమె ఖాళీ చెంబు మీద చెయ్యి పెట్టి, మణికట్టు కొంచెం తిప్పి, వేళ్లు విడిచింది. మళ్లీ ఎత్తింది, విడిచింది. మళ్లీ. ఫ్రాన్సిస్ గీసిన చెయ్యి ఎంత వేగంతో దిగిందో అంతే వేగం, మణికట్టు అదే తిప్పడం. అంత బాగా నేర్చుకుంది.

ఫ్రాన్సిస్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఏం జరిగిందో అతనే చెప్పాడు. "మూడువేళ్లతో పట్టిన చిటికెడు ఉప్పు" అని నేను రాసిన మాట రేడియోగొంతుతో నిదానంగా చెప్పించాం. ఆ మాట పలకటానికి నాలుగున్నర సెకండ్లు పట్టింది. చెయ్యి దిగి లేవటానికి అతను గీసిన బొమ్మలు పద్దెనిమిది. అవి ఒకటిన్నర సెకండుకు వస్తాయి. మాట అయ్యేదాకా తెర ఖాళీగా ఉండకూడదని ఆ పద్దెనిమిదినే ఇంకో రెండుసార్లు వాడాడు. నడిచే మనిషి కాళ్లలాగా. నడకలో అడుగుల్ని ఎవరూ లెక్కపెట్టరు. వంటలో చిటికెల్ని ఆడవాళ్లు లెక్కపెడతారు. చెవి మూడు అని విన్నది, కన్ను మూడుసార్లు చూసింది. రెండూ కలిసి మనసులో గట్టిపడిపోయాయి. విడివిడిగా ఏ ఒక్కటీ ఇంత బలంగా నాటుకునేది కాదు.

మద్రాసునుంచి రీలు వచ్చాక సంఘంలో పదకొండు మందిమి చూశాం. కొలత మాకు ముందే తెలుసు. తెలిసినవాళ్లకు ఒక చిటికెడే కనిపించింది.

ఫ్రాన్సిస్ వీధిలోకి వెళ్లి, నిన్న చూసినవాళ్లను కలిపి చూపించమని అడిగి అరగంటలో వచ్చాడు. ఎవరిని అడిగినా మూడేనన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఒకే పేరు తల్చుకున్నాం, నాగమణి. కోటేశ్వరమ్మ వద్దంటున్నా సరిగ్గా కలిపిన నీళ్లు మరచెంబు నిండా పోయించుకుని ఫ్రాన్సిస్‌తో పదిన్నర బస్సెక్కాను.

మళ్లీ కాలవగట్టు

దారిలో రెండుసార్లు బస్సు ఆపించాల్సి వచ్చింది. డ్రైవరు విసుక్కోలేదు. ముందు సీటులో పడుకున్న ముసలామె లేచి నాకు చోటిచ్చింది.

ఊళ్లోకి వెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నాగమణి ఇంటిముందు మగవాళ్లు పనికి పోకుండా అరుగుమీద కూర్చున్నారు. అక్కడే తెలిసింది. పిల్లకు మంగళవారం రాత్రి పట్టుకున్నాయి. బుధవారం పొద్దుగూకేవేళ పోయింది. కాలవ అవతలి గట్టున పూడ్చిపెట్టి వచ్చారు.

నాగమణి లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది. తనే చెప్పింది. ఈసారి అత్త మాట వినలేదట. రాత్రంతా మెలకువగా ఉండి గంటకోసారి చెమ్చాతో పోసిందట. పిల్ల మొదట ఆశగా తాగింది, తర్వాత కక్కింది, ఇంకా దాహంతో ఏడ్చింది. మళ్లీ కలిపి పోసింది. చల్లపల్లి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేసరికి మూర్ఛొచ్చి ఒళ్లు ఎగరేస్తోంది.

"ఎక్కడా తప్పు చెయ్యలేదు పంతులమ్మగారూ. నీళ్లు కాచాను. మూడుసార్లే వేశాను, బొమ్మలో వేసినట్టే."

ఫ్రాన్సిస్ గుమ్మం బయటికి వెళ్లిపోయాడు.

ఆ మాట అక్కడితో వదిలేసి రావచ్చు. తను అన్నీ సరిగ్గా చేశాననే నమ్మకం ఒక్కటే నాగమణికి మిగిలింది. కానీ ఆ వీధిలోనే ఉండే రత్తమ్మ కొడుక్కి ఆ ఉదయమే మొదలయ్యాయి. నాగమణిని అడిగి నేర్చుకుని చెంబులో కలిపి పెట్టుకుంది. ఆ చెంబు మూడిళ్ల అవతల ఉంది. బొమ్మ తప్పని చెబితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. గుమ్మంలో సీతారావమ్మ ఉంది. అసలు నీళ్లే వద్దంటారు. పోయినేడు జరిగిందే మళ్లీ ఊరంతా జరుగుతుంది.

చెంబు తెప్పించాను. రత్తమ్మతోపాటు పదిమంది దాకా వచ్చారు. నీళ్లు ఇవ్వటం మంచిదేనని, ఇవ్వకపోతే ప్రమాదమని, ఉప్పు మాత్రం ఒక్క చిటికెడే వేయాలని, మా బొమ్మ తప్పు చూపించిందని చెప్పాను. చెప్పటానికి ఇంతకంటే మెత్తటి మాటలు ఉండి ఉంటాయి. నాకు దొరకలేదు.

సీతారావమ్మ అరవలేదు. "నేను చెప్పలా? నీళ్లొద్దని చెప్పలా?" అని నెమ్మదిగా అంది. అరిచినా బాగుండేది. రత్తమ్మ చెంబు తీసి వాకిట్లో పారబోసింది. ఇక వద్దులెండి అంటూ వెనక్కి తిరిగింది.

"ఆగు రత్తమ్మా" అంది నాగమణి.

ఆమె నావైపు చూసింది. "అయితే నా చేత్తోనే పోయిందాండీ?"

"ఆ చెయ్యి నీది కాదమ్మా. మేం గీసింది."

నాగమణి లేచి, పొయ్యిమీద కాగి ఉన్న నీళ్లు చెంబులోకి వంచి, చల్లారేదాకా దాని పక్కనే కూర్చుంది. అందరూ నిలబడే ఉన్నారు. చల్లారాక ఉప్పు డబ్బా తీసింది. "నీళ్లు మానొద్దు. మావాడు నీళ్లు లేకే పోయాడు. ఉప్పు ఒకసారే. చూడు" అంటూ మూడువేళ్లతో తీసి చెంబులో వేసింది.

వేసిన చెయ్యి మళ్లీ డబ్బావైపు లేచింది. ఆమె లేపలేదు, దానంతట అదే లేచింది. నాగమణి ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకుని ఆపింది. పట్టుకునే ఉంది. చాలా బలంగా పట్టుకుందని వేళ్లు తెల్లబడటం చూసి తెలిసింది. తర్వాత ఎడమచేత్తోనే డబ్బాకు మూత పెట్టింది.

పంచదార రత్తమ్మ వేసింది. రుచి చూసి చెప్పమని నాగమణి నాకు ఇచ్చింది. సరిగ్గా ఉందన్నాను. ఆ చెంబు తీసుకుని రత్తమ్మ వెళ్లింది. సీతారావమ్మ పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

చల్లపల్లి డాక్టరుగారిని కలిశాను. ఉప్పు వల్లే పోయిందని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అన్నారు. నేను అడిగినదానికి అంతకంటే నిజమైన జవాబు లేదు.

శుక్రవారం, శనివారం అవనిగడ్డ, బందరు తిరిగాం. చూసినవాళ్లను వెతికి ఒక్కొక్కరి చేతా కలిపించాం. మాటతో చెబితే సరేనంటారు, చెయ్యి మాత్రం మూడుసార్లే లేస్తుంది. ఒకసారి నాటుకున్నదాన్ని పెరకటం నేర్పటం కంటే ఎంతో కష్టం. మూత పెట్టమంటేనే ఆగింది. దొరకనివాళ్లు చాలామంది ఉన్నారు.

పటమట

ఆదివారం మట్టలాదివారం. పిల్లలు ఈతమట్టలు పట్టుకుని చర్చికి వెళుతుంటే మేం ఇళ్లకు చేరాం.

ఫ్రాన్సిస్ ఇరవై రెండు రోజులు గీశాడు. కొత్తదాంట్లో చెయ్యి ఒకసారే దిగుతుంది. తర్వాత రెండో చెయ్యి వచ్చి ఉప్పు డబ్బా మూత పెడుతుంది. అక్కడ బొమ్మ ఆగిపోతుంది. అయిదు సెకండ్లు ఏదీ కదలదు. చూసినదాన్ని మనసు పట్టుకోవటానికి ఆ మాత్రం సమయం కావాలి. కదిలేది కళ్లముందే మాయమైపోతుంది కదా. ఆ తర్వాత తల్లి నాలుకమీద చుక్క వేసుకుని రుచి చూస్తుంది. పిల్లి లేదు. చూపించిన ప్రతిచోటా చూసినవాళ్ల చేత చెంబులో కలిపించి చూస్తున్నారు. రత్తమ్మ కొడుకు బతికాడు.

పని పూర్తిచేసి ఇచ్చిన రోజే ఫ్రాన్సిస్ కుంచెలు సర్దేశాడు. ఇప్పుడు ఆటోనగర్‌లో లారీల వెనక పూలూ చిలకలూ వేస్తున్నాడు. అవి కదలవు టీచర్ గారూ అన్నాడు.

జూన్‌లో కాలవలు వదిలాక ఆ ఊరు వెళ్లాను. కొత్త రీలు వేస్తున్నామంటే ఊరంతా వచ్చింది, నాగమణి రాలేదు. ఇంటికి వెళితే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది.

ఈ ప్రయాణంలో పోయినవి: నాలుగు నిమిషాల రీలు ఒకటి, ముక్కలుగా కత్తిరించాం. చెయ్యి బొమ్మలు పద్దెనిమిది. బొమ్మల్ని కదిలించటం తెలిసిన మనిషి ఒకడు. మేం వెతికినా దొరకని ఇళ్లలో ఏం జరిగిందో తెలియదు కనుక వాటిని ఇందులో వేయలేదు. ధనలక్ష్మి, ఆడపిల్ల, పదినెలలు.